తాత చెప్పిన తప్పు

నేను ఇంతవరకు రాసిన ప్రోగ్రాముల్లో పనికొచ్చింది ఒక్కటే. దాని పేరు తాత. గద్వాలలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగం నాది. పిల్లలు తమ ఫైళ్లను ఎక్కడ పడితే అక్కడ పడేసి, ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున వచ్చి నా ప్రాణం తోడేవాళ్లు. వాళ్ల మీద జాలితో రాశానని చెప్పుకుంటాను గానీ నిజానికి కోపంతో రాశాను. నల్ల తెర మీద తాత అని కొట్టి, పక్కన నాలుగు ఫైళ్ల దారులు, అంటే ఏ ఫోల్డర్లో ఏ ఫోల్డర్ లోపల ఉన్నాయో ఆ చిరునామాలు, ఇస్తే చాలు. ఒక్కోదానికి ఎన్ని కాపీలున్నా, ఆ నాలుగూ కలిసి ఏ ఫోల్డర్ కిందికి వస్తాయో, అన్నిటికంటే దగ్గరి ఉమ్మడి ఫోల్డర్ ఏదో ఒక్క ముక్కలో చెబుతుంది. బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. మా వైపు వీధిలో కొత్త పిల్లలు కనిపిస్తే ముందుగా అడిగేది ఎవరి మనుమలు మీరని. ఫైళ్లనూ అదే అడుగుతున్నాను కదా అని ఆ పేరు పెట్టాను.

దాని గురించి నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెం కాదు, బాగానే ఉండేది. దారి మొత్తం తెర మీద పడితే పిల్లలు బెదిరిపోతున్నారని, చివరి ఫోల్డర్ పేరు మాత్రమే కనిపించేలా తర్వాత మార్చాను. అది కూడా గొప్ప పనే అనుకున్నాను.

మా అక్క భర్తకు వనపర్తిలో ఫొటో స్టూడియో ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లంటే బావ కెమెరా ఉండాల్సిందే. ఆయన ఫొటో తీస్తే మనిషి మనిషిలాగే ఉంటుంది, పూసిన సున్నంలా ఉండదు. కానీ తీసినవాటిని దాచుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు. కెమెరాలో కార్డు నిండగానే దాన్ని కంప్యూటర్లో కార్డు అని పేరు పెట్టి, ఒక అంకె వేసి, లోపల ఊరికో ఫోల్డర్ చేసి కుమ్మరిస్తాడు. ఆల్బమ్‌కు ఎంచినవాటిని ఇంకో చోటికి కాపీ చేస్తాడు. అక్కడ వనపర్తి వైపు ఊళ్లు ఒక మూల, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్లు ఒక మూల. డిస్కు మీద అనుమానం వచ్చినప్పుడల్లా ఆ కాపీలకు మళ్లీ కాపీలు. ఎంచనివి, అంటే కళ్లు మూసుకున్నవీ తలలు తెగినవీ, ఆ కార్డులోనే వేస్ట్ అనే ఫోల్డర్లో పడి ఉంటాయి.

“ఈ చెత్తంతా ఎందుకు దాస్తవు బావా?” అని నేను చాలాసార్లు గొడవపడ్డాను.

“చెత్తనో కాదో చెప్పేటందుకు నేనెవర్ని?” అనేవాడు. బద్ధకానికి ఇంత మంచి పేరు పెట్టిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నిరుడు ఆయన పాత డిస్కు చావుబతుకుల్లో పడింది. నాలుగు ఆదివారాలు వరసగా గద్వాల నుంచి బస్సులో వెళ్లి, అందులోంచి అందినంత కొత్త డిస్కులోకి ఎత్తాను. కొన్ని ఫోల్డర్లు తెరుచుకోకుండానే పోయాయి. నాలుగో ఆదివారం పొద్దున నేను ఆ పనిలో ఉండగా ఒకామె వచ్చింది.

ముప్పై దాటిన మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరులోంచి నాలుగు ఫొటోలు తీసి గాజు బల్ల మీద పరిచింది. అంచులు ఉబ్బి, మరకలు పట్టి ఉన్నాయి.

“అన్నా, మా పెండ్లిల ఫొటోలు నువ్వే తీసినవు. మా తల్లిగారిది పెద్దమందడి. ఇచ్చింది పెద్దకొత్తపల్లికి. యాదికున్నదా?”

“యాదికి లేకేంది,” అన్నాడు బావ. ఆయనకు ఏమాత్రం గుర్తు లేదని నాకు తెలుసు.

వానలకు గోడ కూలి, పెట్టెలోకి నీళ్లొచ్చి ఆల్బమ్ అంతా నానిపోయిందట. ఎండలో ఆరబెట్టి ఒక్కో ఫొటో విడదీస్తుంటే ముఖాలు అవతలి కాగితానికి అంటుకుని వచ్చేశాయట. మిగిలినవి ఈ నాలుగే. వాటిలో ఆమె, ఆమె భర్త, అత్తింటివాళ్లు ఉన్నారు.

“మళ్లా కడిగియ్యాల్నా?” అని అడిగాడు బావ.

“గివి వద్దు. మా అమ్మ ఫొటో గావాలె. యాడన్న ఒక్కటున్నా సాలు.”

అప్పుడు కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, సంగతంతా అడిగాను. ఆమె నాలుగేళ్లప్పుడు తండ్రి పోయాడు. తల్లి కూలి చేసి సాది, పెంచి పెళ్లి చేసింది. పెళ్లయిన రెండేళ్లకు రోడ్డు పనికని దూరం పోయిన తల్లి జ్వరంతో అక్కడే కన్నుమూసింది. రేషన్ కార్డు మీద ఉన్న తల్లి ఫొటో నల్లగా అరిగిపోయింది. పెత్రమాసకు ఇంకా పది రోజులుంది. పోయినవాళ్లకు ఇంట్లో అన్నం పెట్టే ఆ అమావాస్యనాటికి తల్లి పటం కట్టించాలని వచ్చింది.

“మా అత్తగారింట్ల అందరి పటాలున్నయి అక్కా. మా అమ్మదే లేదు. అమ్మమ్మ ఎట్లుంటుండె అని పిల్లలు అడుగుతరు. ఏం జెప్పాలె? నాకే మొఖం సరిగ యాదికొస్తలేదు. గొంతు యాదికున్నది, చేతులు యాదికున్నయి. మొఖం జారిపోతున్నది.”

ఆ చివరి మాట తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. మా అమ్మ గద్వాలలో నా ఇంట్లోనే ఉంటుంది. ఆ పొద్దున కూడా ఉప్పు ఎక్కువేసిందని ఆమెతో తగాదా పెట్టుకుని బస్సెక్కాను.

బావ కడిగిచ్చే ప్రతి ఫొటో వెనక కెమెరా అంకెను పెన్సిలుతో రాస్తాడు. ఆ నాలుగు అంకెలూ చదవగలిగేలాగే ఉన్నాయి. కానీ కెమెరా లెక్క ఒక చోటికి వచ్చాక మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి, ఒక్కో అంకెతో డిస్కులో బోలెడు ఫొటోలున్నాయి. వాటిని ఒక్కొక్కటే తెరిచి చూశాం. ఎవరెవరివో తలంబ్రాలు, ఎవరెవరివో ఊరేగింపులు. చివరికి ఆమె నాలుగు ఫొటోలు దొరికాయి. రెండు పెద్దమందడిలో పెళ్లివి, రెండు మర్నాడు పెద్దకొత్తపల్లిలో విందువి. ఆల్బమ్ కోసం ఎంచిన ఫోల్డర్లు తెరిచి, ఆ పెళ్లి ఫొటోలు, విందు ఫొటోలు అన్నీ ఆమెకు చూపించాను. తల్లి ఎక్కడా లేదు.

ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. “మొగడు లేని మనిషని పందిట్లకు రానియ్యలే. మా చిన్నాయన, చిన్నమ్మ కాళ్లు కడిగిండ్రు. మా అమ్మ దర్వాజ ఎన్క నిలబడె. విందుకైతే రానేలేదు.”

బావ తల వంచుకున్నాడు. నేను ఊరుకోలేదు. ఎంచని ఫొటోలు ఉన్నాయి కదా. అవి అసలు కార్డులోని వేస్ట్‌లో ఉంటాయి. అయితే కార్డులు వందకు పైగా ఉన్నాయి, ప్రతి దానిలోనూ ఒక వేస్ట్. పైగా ఆమె నాలుగు ఫొటోలు కాపీలకు కాపీలుగా ఐదారు చోట్ల తేలాయి, వాటిల్లో కొన్నిటికీ బావ కార్డు అనే పేర్లే పెట్టాడు. అసలు కార్డు ఏదో బావకు గుర్తుండే ప్రశ్నే లేదు. కానీ ఒక కిటుకుంది. కాపీల్లో పెళ్లి వనపర్తి మూలన, విందు నాగర్‌కర్నూల్ మూలన ఉంటాయి. అసలు కార్డులో మాత్రం రెండూ ఒకే చూరు కింద ఉండాలి. ఆ నాలుగింటికీ అన్నిటికంటే దగ్గరి ఉమ్మడి ఫోల్డర్ ఏదో తెలిస్తే అదే ఆ కార్డు.

“ఇప్పుడు చూడు మా తాత పని,” అన్నాను ఆమెతో. ఎందుకన్నానో. దొరికిన దారులన్నీ తాతకిచ్చి ఎంటర్ కొట్టాను.

తెర మీద ఒక్క మాట పడింది. పెద్ద.

“తాత పెద్ద అంటుండు,” అన్నాడు బావ. “గంత మాత్రం నాకూ తెల్సు. ఇంకేమన్న అడుగు.”

నాకు నవ్వు రాలేదు. పెద్ద అనే పేరున్న ఫోల్డర్ కోసం డిస్కంతా వెతికించాను. అలాంటిది లేదు. రెండోసారి వెతికించాను. లేదు. బావ నవ్వు ఆపి గడ్డం గోక్కున్నాడు.

“ఫ్రేములకని పెద్ద సైజు చేసినయి పెద్ద అని పేరువెట్టి దాస్తుంటి మరదలా. గవి పాత డిస్కులనే ఉండె,” అన్నాడు నెమ్మదిగా.

అంతే. మా ఇద్దరికీ లెక్క కుదిరిపోయింది. పాత డిస్కులో తెరుచుకోకుండా పోయిన ఫోల్డర్లు ఉన్నాయి, వాటిలో ఇదొకటి. తాత చెప్పాడు, బావ ఔనన్నాడు, ఇంకేం కావాలి. నేను ఆమె వైపు తిరిగి, అన్నీ తెలిసిన డాక్టరు చెప్పినట్టు చెప్పాను.

“గా ఫోల్డర్ డిస్కుతోనే పోయింది చెల్లె. ఇగ దొరకదు.”

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. “పోనియ్యి అక్కా, మీరేం జేస్తరు,” అని మమ్మల్నే ఓదార్చింది. నాలుగు ఫొటోలను మళ్లీ కవరులో పెట్టుకుంది. బావ తెప్పించిన చాయ్ తాగకుండానే వెళ్లిపోయింది.

ఇంకా చేయాల్సిన పని ఉన్నా నా చెయ్యి ఆడలేదు. కాసేపటికి నేనూ సంచి తీసుకుని బస్టాండుకు వచ్చాను. ఆమె అవతలి కొసన, నాగర్‌కర్నూల్ బస్సు ఆగే చోట, అరుగు మీద కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అటు చూడలేక విచారణ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

కిటికీ దగ్గర ఒక ముసలాయన లోపలికి వంగి, “పెద్ద...” అని, దగ్గు తెర వచ్చి ఆగిపోయాడు.

“ఏ పెద్ద?” అన్నాడు లోపలి మనిషి. “పెద్దమందడా, పెద్దకొత్తపల్లా? సగం పేరు చెప్తె ఏ బస్సని చెప్పాలె నేను?”

ముసలాయన దగ్గు తగ్గాక పూర్తి పేరు చెప్పి వెళ్లిపోయాడు. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నేను ప్రోగ్రాములో రాసింది ఏమిటి? రెండు దారులనూ మొదటి నుంచి అక్షరం అక్షరం పోల్చుకుంటూ పో, తేడా వచ్చిన చోట ఆగు అని. ఊరి పేరు ఒక్క ముక్క, దాన్ని మధ్యలో విరవకూడదని ఎక్కడా రాయలేదు. ల్యాబులో ఏ రెండు ఫోల్డర్ల పేర్లూ ఒకేలా మొదలు కావు కాబట్టి ఇన్నాళ్లూ గుట్టు బయటపడలేదు. ఇక్కడ ఒకటి పెద్దమందడి, ఒకటి పెద్దకొత్తపల్లి. అది రెండింటిలోనూ పెద్ద వరకు నడిచి, అక్కడ ఆగి, అదే ఫోల్డర్ అని చెప్పింది. దారి మొత్తం చూపించి ఉంటే ఒక్క చూపులో తెలిసేది. దాన్ని దాచింది కూడా నేనే. పోయిన ఫోల్డర్లోవే అయితే ఆ నాలుగు ఫొటోలు మా ముందెలా తెరుచుకున్నాయని కూడా ఆలోచించలేదు. లేని ఫోల్డర్‌ను కల్పించి, అది పోయిందని ఒక తల్లి లేని పిల్లకు చెప్పి పంపించాను.

నాగర్‌కర్నూల్ బస్సు లోపలికి వస్తోంది. నేను సంచి ఊగుతుండగా పరుగెత్తాను. నా వయసులో, నా భారీ ఒంటితో నేను పరుగెత్తడం చూసి పల్లీలమ్మే ఆమె పక్కకు జరిగింది.

“ఆగు చెల్లె. తప్పు నాది. పోయిందన్న గద, గట్లాంటి ఫోల్డర్ అసలు లేనే లేదు. నా ప్రోగ్రామే తప్పు జెప్పింది.”

ఆమెకు నా మాటల్లో సగం అర్థం కాలేదు. కావలసిన సగం మాత్రం పట్టుకుంది. “అయితే మా అమ్మ ఫొటో ఉన్నదా?”

ఈసారి నోరు దగ్గర పెట్టుకున్నాను. “తెల్వదు. చూడాల్సిన జాగ ఉన్నది. అండ్ల ఉన్నదో లేదో నువ్వే చూడాలె. మీ అమ్మ ఎట్లుంటదో మాకు తెల్వదు గద.”

బస్సు ఆగింది. జనం ఎక్కుతున్నారు. ఇంకో బస్సు ఎప్పుడని కండక్టరును అడిగింది. రెండు గంటలు పడుతుందన్నాడు. ఇంటి దగ్గర పిల్లలు, పొద్దున వండిపెట్టి వచ్చిన అన్నం, అన్నీ ఆమె ముఖంలో కదిలాయి. బస్సు వైపు చూసింది, నా వైపు చూసింది. నా మాట నమ్మి ఒకసారి అప్పటికే మోసపోయింది. అయినా లేచి నా వెంట వచ్చింది.

స్టూడియోలో బావకు చెబితే వెక్కిరిస్తాడనుకున్నాను. “మీ తాత తప్పు జెప్తే నేను గూడ తల ఊపితి. అందులో నాది గూడ పాలున్నది,” అన్నాడు. ప్రోగ్రాములో పాత రెండు వరసలు తీసేసి, దారిని ఫోల్డర్ ఫోల్డరుగా విడదీసి పోల్చేలా మళ్లీ రాశాను. ఆమె నా వెనకే నిలబడి ఉంది. దారి మొత్తం చూపించమని కూడా రాసి, ఎంటర్ నొక్కాను.

కార్డు 38.

తెరిస్తే లోపల మూడు ఫోల్డర్లు. పెద్దమందడి, పెద్దకొత్తపల్లి, వేస్ట్.

వేస్ట్‌లో ఖాళీ కుర్చీలు, చెప్పుల గుట్ట, జనరేటరు, బొజ్జ మీద కూర చిందిన షర్టు, ఏడుస్తున్న చంటిపిల్ల, వంట దగ్గర ఆడవాళ్లు. ఆమె స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటే చూసింది. వంట దగ్గరి ఫొటోలు వచ్చినప్పుడల్లా ముందుకు వంగేది. కాదని తల ఊపేది. కొస వరకు వచ్చాం.

“లేదు అక్కా,” అంది.

బస్సు పోగొట్టి ఆమెను వెనక్కి తెచ్చింది నేనే. “ఇంకోసారి చూద్దాం, నిదానంగ,” అన్నాను. కేవలం ఆమె లేచి వెళ్లిపోకుండా ఉండడానికే అన్నాను.

రెండోసారి చూస్తుంటే ఒక ఫొటో దగ్గర చెయ్యి ఎత్తింది. పందిట్లో పెళ్లిపీటలు. ఇంకా ఎవరూ రాలేదు. పీటల ముందు నీళ్ల చెంబు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంది. మాసిన చీర, సన్నటి మెడ. ఫ్లాష్ వెలుగుకు కళ్లు చికిలించి, నవ్వాలా వద్దా అన్నట్టు చూస్తోంది. ఇందాక ఆ ఫొటోను మేము రెండు క్షణాలు కూడా చూడలేదు.

“జర దగ్గరికి తే అన్నా,” అంది. బావ ముఖం కనిపించేలా దగ్గరికి తెచ్చాడు.

ఆమె తెర దగ్గరికి జరిగి, ఆ ముఖం మీద వేలు పెట్టింది. తర్వాత, “మా అమ్మనే,” అంది.

బావ గొంతు సవరించుకున్నాడు. “జనం రాక ముందు వెలుతురు చూసుకుంట నేను. గప్పుడు ఎవరు నీళ్లు తెచ్చిస్తే వాళ్లను గాడ నిలబెట్టి ఒకటి తీస్త. మీ అమ్మను పందిట్లకు రానియ్యరని నాకు తెల్వదమ్మా.”

ఆమె విన్నదో లేదో. తెర మీది నుంచి చూపు తిప్పలేదు. “ఇందాక గూడ చూసిన అక్కా. ఎవరో పిల్ల అనుకుని ఇడిసిపెట్టిన. నేను ముసలామె కోసం దేవులాడుతుంటి.”

“మీ అమ్మకు గప్పుడు ఎన్నేండ్లు?” అని అడిగాను.

వేళ్ల మీద లెక్కపెట్టింది. తన పెళ్లి పద్దెనిమిదేళ్లప్పుడు. తల్లి తనను కన్నది పదహారేళ్లప్పుడు. అక్కడ ఆగింది. ఇప్పుడు ఆమెకు ముప్పై మూడు. తెర మీద చెంబు పట్టుకుని నిలబడ్డ మనిషికి ముప్పై నాలుగు.

బావ ప్రింటు వేయడానికి లేచి లోపలికి వెళ్లిపోయాడు. కళ్లు తుడుచుకోవడానికి వెళ్లాడని నాకు తెలుసు, ప్రింటరు మా ముందే ఉంది. నేను తుడుచుకోలేదు. కారనిచ్చాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. తెర వైపు చూస్తూనే, నన్నే జవాబు చెప్పమన్నట్టు అడిగింది.

“గింత చిన్నది, ఒక్కతే, నన్ను ఎట్ల సాదింది అక్కా?”